చెరువు చుట్టూ ఎదురునడక

మా ఇంటి కుక్క పేరు పోపు. ఈ పేరు నేను పెట్టినది కాదు. పులిహోర రంగు ఒంటి మీద ఆవాలు చిట్లినట్టు నల్లని చుక్కలు ఉన్నందువల్ల మా అమ్మాయి నీరజ అలా పిలిచింది. నేను ప్రతిపాదించిన పేరు కర్నల్. ఇంట్లో ముగ్గురమే గనుక చేతులెత్తించి లెక్క తేల్చాం. నా భార్య శారద పోపు వైపు చేయి ఎత్తడంతో విషయం ముగిసింది.

కుక్కను పెంచడం పట్ల నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరం ఉండేది. ఇప్పటికీ ఉంది. అది పోపుకు వర్తించదు.

నీరజ పోచారంలో ఒక ఐటీ సంస్థలో పనిచేస్తుంది. నిరుడు వర్షాకాలంలో ఆఫీసు బయట ఒక కారు కింద వణుకుతూ కనిపించిన పిల్లను సంచిలో వేసుకుని తెచ్చి, "మూడు రోజులే నాన్నా" అన్నది. ఆ మూడు రోజులు గడిచి ఏడాది దాటింది. అమ్మాయి ఉదయం ఏడున్నరకే బయలుదేరుతుంది. శారద మోకాళ్ళు మెట్లకే సహకరించవు, ఇక కుక్కకు ఏం సహకరిస్తాయి. అందుచేత పోపును నడిపించే బాధ్యత నాకు సంక్రమించింది.

నేను ప్రభుత్వ రంగంలోని ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ముప్పైనాలుగేళ్ళు తనిఖీ విభాగంలో పనిచేసి, ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేశాను. తయారైన వస్తువులో దోషం ఉంటే తిప్పి పంపడం మా పని. తిప్పి పంపిన వస్తువును చూసి పళ్ళు నూరడం ఉత్పత్తి విభాగం పని. ఆ ఉత్పత్తి విభాగంలో నాకు సమకాలికుడు చిదంబరం. స్వస్థలం జనగామ దగ్గర. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు వెటకారం. విధివశాత్తు ఇద్దరమూ నాచారంలో పక్క పక్క వీధుల్లోనే ఇళ్ళు కట్టుకున్నాం.

మొన్న ఆగస్టు వరకు మేము అయిదుగురు పదవీ విరమణ చేసినవాళ్ళం ప్రతి ఉదయం పెద్ద చెరువు చుట్టూ మూడు చుట్లు నడిచేవాళ్ళం. గుడిలో తిరిగినట్టు కుడి చేతి వైపుగా, ప్రదక్షిణ దిశలో. చిదంబరం వెంట మేజర్ అనే ముసలి లాబ్రడార్ వచ్చేది. పోపు దాని చెవులు కొరికేవాడు, తోక పట్టుకుని వేలాడేవాడు. ఆ బక్కపిల్ల తన వీపు మీదికి ఎక్కినా మేజర్ ఏమీ అనేవాడు కాదు.

ఆగస్టు పద్నాలుగున మూడు చుట్లూ పూర్తిచేసి సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఎవరో పాత కర్మాగారం ప్రస్తావన తెచ్చారు. చిదంబరం తొడ మీద చరిచి మొదలుపెట్టాడు.

"తొంభై ఆరుల ఏమైందో ఎరికేనా మీకు? మా వాళ్ళు నలభై రెండు కేబినెట్లు రంగులేసి పంపిన్రు. గీ మన విశ్వనాథం సాబ్ వచ్చిండు, సూసిండు, అన్నిటి మీద ఒక్కటే తీరు మరక ఉందని వాపస్ పంపిండు. ఒక్కటి గాదు, నలభై రెండు! మేం రాత్రంత కూసోని తుడిసినం. ఏ మరకా లేదు. ఆఖరికి సూస్తే ఏందంటరు? మరక ఆయన కళ్ళద్దం మీదుండె!"

రైల్వేలో పనిచేసి వచ్చిన సీతారామయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మిగిలిన ఇద్దరూ బల్ల మీద నుంచి జారిపోయేంత పని చేశారు. "మరక కేబినెట్ మీదే ఉంది" అని నేను స్పష్టంగా చెప్పాను. ఎవరూ వినలేదు. నేను లేచి, పోపు తాడు అందుకుని, వీడ్కోలు చెప్పకుండా ఇంటికి వచ్చాను.

మరునాటి నుంచి నేను ఎదురు దిశలో నడవడం ప్రారంభించాను.

అదే సమయానికి, అదే చెరువు చుట్టూ, ఎడమ చేతి వైపుగా. వాళ్ళ కోసం నా సమయాన్ని మార్చుకోవడం నాకు సమ్మతం కాదు. వాళ్ళ వెనక నడవడం అసలే కాదు. ఈ ఏర్పాటు గురించి విని శారద నొసలు చిట్లించింది.

"అప్రదక్షిణం ఎవరైనా చేస్తారటండీ, శ్మశానంలో తప్ప?"

"అది చెరువు. గుడి కాదు."

"చెరువైతే మాత్రం! అలిగితే ఇంట్లో కూర్చోవాలి గాని, లోకానికి అడ్డం తిరుగుతారా?"

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నదని, తనిఖీ విభాగంలో అంతకాలం పనిచేసిన నేను గమనించి ఉండవలసింది. ఒక మనిషి ముఖం చూడకూడదని ఎదురు దిశలో తిరిగితే, ఒక్కొక్క చుట్టులో రెండేసి సార్లు ఆ ముఖమే సరిగ్గా ఎదురవుతుంది. మూడు చుట్లకు ఆరు సార్లు. బాట వెడల్పు అయిదు అడుగులు, ఒక పక్క గోడ, మరో పక్క ఏటవాలుగా నీళ్ళు. నలుగురు మనుషులూ ఒక లాబ్రడారూ నాకు ఎదురుగా వస్తారు. నేను ఆకాశం వైపు చూస్తాను. చిదంబరం ప్రతిసారీ తన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో నిదానంగా తుడుచుకుంటాడు.

పోపు ప్రవర్తన మారడం అప్పుడే మొదలైంది. తొలి వారం మేజర్ కనబడగానే చెవులు నిక్కబొడుచుకునేవాడు. తరువాత కొయ్యలా నిలబడిపోయేవాడు. ఆ పైన గుర్రుమన్నాడు, మొరిగాడు, తాడు తెంచుకునేలా ముందుకు దూకాడు. దసరా నాటికి మేజర్ ఒక్కడే కాదు, కనిపించిన ప్రతి కుక్కా శత్రువే. పక్క వీధి పామరేనియన్, కిరాణా కొట్టు ముందు పడుకునే కుంటి కుక్క, చివరికి బొమ్మల బండి మీద గాలి నింపి వేలాడదీసిన ప్లాస్టిక్ కుక్క. ఆ బండివాడు నన్ను చూస్తే చాలు, సందులోకి మళ్ళేవాడు.

నవంబరు మొదటి ఆదివారం నాడు మేజర్ మలుపులో హఠాత్తుగా ఎదురయ్యాడు. పోపు దూకాడు. నేనూ దూకాను, నా ప్రమేయం లేకుండా. మోచేయి గోడకు రాసుకుని, మోకాలి మీద పడ్డాను. లేపడానికి ముందుగా వంగినది చిదంబరమే. నేను అతని చేయి పట్టుకోకుండా గోడ పట్టుకుని లేచాను.

నీరజ నా మోచేతికి మందు రాసింది. కట్టు కట్టడం పూర్తయ్యాక అన్నది.

"నాన్నా, మా ఆఫీసులో ధీరజ్ అని ఉన్నాడు. వాళ్ళకి బీబీనగర్ దగ్గర మామిడి తోట ఉంది. పోపుని తీసుకుంటానన్నాడు."

"దేనికి?"

"దేనికేమిటి నాన్నా? మీకు అరవై ఎనిమిదేళ్ళు. ఈసారి తుంటి ఎముక విరిగితే? వాడికీ ఆ తోటలో హాయిగా ఉంటుంది. రెండు వారాలు చూద్దాం. రెండో ఆదివారం మన చెరువు చుట్టూ ఒక్క చుట్టు, వాడు ఎవరి మీదికీ దూకకుండా, మీరు పడకుండా తిరిగి రండి. నేనూ వెంట వస్తాను. అలా జరిగితే ఉంచుకుందాం. లేకపోతే ఆ పూట పదింటికి ధీరజ్ కారు తెస్తాడు."

షరతు న్యాయమైనదే. "సరే" అన్నాను. పత్రిక తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అందులో ఏమి రాసి ఉన్నదో నేను చెప్పలేను. పోపు వచ్చి నా చెప్పు మీద గడ్డం ఆన్చి పడుకున్నాడు. మూడు నెలలుగా ఆ చెరువు చుట్టూ నా దిశలో నడిచిన ప్రాణి వాడొక్కడే.

మంగళవారం ఏఎస్ రావు నగర్‌లోని పశువైద్యురాలు బిందుమాధవి దగ్గరికి తీసుకువెళ్ళాను. చిన్న వయసు, చురుకైన కళ్ళు. పోపు చెవులూ పళ్ళూ చూసి, ఏ జబ్బూ లేదన్నది.

"ఇది ఎప్పట్నించి సార్?"

"ఆగస్టు పదిహేను నుంచి."

"అంత కరెక్ట్‌గా చెప్తున్నారే! ఆ రోజు ఏమైనా జరిగిందా?"

"స్వాతంత్ర్య దినోత్సవం జరిగింది."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, మళ్ళీ పోపును చూసింది. తరువాత విడమరిచి చెప్పింది. పిల్లలుగా ఉన్నప్పుడు కుక్కలు అందరితోనూ ఆడతాయట. ఏడాది దాటి యవ్వనం వచ్చేసరికి కొన్నిటికి ఎంపిక మొదలవుతుంది. అందరితోనూ స్నేహం చేయాలన్న నియమం మనుషులకు లేనట్టే వాటికీ లేదు. వాటిని బలవంతపెట్టకూడదు. కాని భయపడకుండా, మీదపడకుండా పక్కనుంచి పోవడం నేర్పవచ్చు.

"ముఖ్యంగా సార్, ఇంకో కుక్కకి సూటిగా ఎదురు తీసుకెళ్ళకండి. ముఖాముఖి రావడం కుక్కల లెక్కలో తగువుకి పిలిచినట్టే. పక్కకి తిరిగి చుట్టూ పోవాలి. తాడు వదులుగా ఉండాలి, మీరు బిగిస్తే వాడికి ఏదో ప్రమాదం ఉందనిపిస్తుంది. దూరంగా ఇంకో కుక్కని చూసి కూడా నిమ్మళంగా ఉన్నాడనుకోండి, వెంటనే ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టండి."

"మాది శాకాహార గృహం."

"పనీర్?"

"వాడికి కొబ్బరి ముక్కలంటే ప్రాణం."

"సరే, కొబ్బరే పెట్టండి, కొంచెం కొంచెంగా. ఇంకొకటుంది, అన్నిటికంటే బాగా పనిచేసేది. బాగా తెలిసిన కుక్కతో కలిపి నడిపించడం. ఒకే దిశలో, పక్కపక్కన, మధ్యలో బాగా ఎడం ఉంచి. రోజురోజుకీ ఆ ఎడం తగ్గించాలి. చిన్నప్పటి ఫ్రెండ్ ఎవరైనా ఉన్నారా?"

"పోపుకా?"

"పోపుకే సార్."

"ఒకడున్నాడు. ప్రస్తుతం సంబంధాలు లేవు."

"కుక్కల మధ్యా?"

నేను ఫీజు చెల్లించి బయటికి వచ్చాను.

బుధవారం నుంచి ఉప్పల్ భగాయత్‌లో సాధన ఆరంభించాం. అక్కడి రోడ్లు వెడల్పు, ఇళ్ళు పలుచన, కుక్కలు అరకిలోమీటరు దూరం నుంచే కనిపిస్తాయి. అంత దూరం పోవడానికి ఆటో కావాలి. మొదటి రోజున ఆటో డ్రైవరు పోపును చూసి, "సార్, కుక్క సీటు మీద కూసుంటదా, కింద కూసుంటదా?" అని అడిగాడు. "కింద" అన్నాను. దారి పొడవునా పోపు సీటు మీద కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను మిగిలిన చోటులో సర్దుకున్నాను.

అరవై అంగలు, నలభై, ముప్పై. దూరంగా కుక్క కనబడగానే నేను పక్కకు మళ్ళేవాణ్ణి. పోపు చూసేవాడు, ఆలోచించేవాడు, కొబ్బరి కోసం నా జేబు వైపు తిరిగేవాడు. శనివారానికి ఇరవై అంగల దూరంలో రెండు వీధికుక్కలు పోతున్నా ఒక్క మాట అనలేదు. నాకు చాలా సంతృప్తి కలిగింది. ఆదివారం ఉదయం చెరువు దగ్గరికి తీసుకువెళ్ళాను, ఎప్పటిలాగే నా దిశలోనే. నా మోచేయి చూసి శారద ఊరుకోక, మా ఇంట్లో పనిచేసే సాలమ్మను తోడు పంపింది.

మొదటి మలుపులో మేజర్ కనిపించాడు. పోపు విరుచుకుపడ్డాడు. ఉప్పల్ విద్య అంతా చెరువులో కలిసింది.

చిదంబరం బృందం ముందుకు సాగిపోయాక సాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"సార్, ఒక మాట జెప్తె కోపం జెయ్యరు గద?"

"చెప్పు."

"కుక్క ముందుగాల ఏం జెయ్యలే. మీరే తాడు గుంజిన్రు. చెయ్యికి రెండు సుట్లు సుట్టుకున్రు, ఊపిరి బిగవట్టిన్రు. అప్పుడు మొరిగింది."

"కుక్క కనబడితే జాగ్రత్త కోసం..."

"ఏడ సార్! ఇందాక గేటుకాడ నల్ల కుక్క పోయింది, మీరు తాడు గుంజలే. మంచిగనే ఉండె. మీరు కుక్కను సూసి గుంజుతలేరు. చిదంబరం సార్ను సూసి గుంజుతున్రు."

"అది నీ భ్రమ."

"అయితే గిటియ్యున్రి."

ఆమె తాడు లాక్కుంది. అవతలి గట్టుకు చేరుతుండగా ఆమె ఫోను మోగింది. ఘట్‌కేసర్‌లో ఉన్న చెల్లెలట. అప్పుడే మేజర్ రెండోసారి ఎదురు వస్తున్నాడు. సాలమ్మ తాడును రెండు వేళ్ళ మధ్య జారవిడిచి, "ఆఁ, చెప్పవే... పప్పులకు ఉప్పెక్కువైందా, గట్లనా" అంటూ గోడ వైపు ఒరిగి, తన మానాన తాను పోయింది. పోపు మేజర్‌ను చూశాడు. మేజర్ తోక ఊపాడు. పోపు సాలమ్మ కొంగు వెనకనే నడిచాడు. మొరగలేదు. పది అంగల వెనక నడుస్తూ ఇది కళ్ళారా చూసిన నాకు, చిదంబరం కళ్ళజోడు తుడుచుకోవడం ఎప్పటిలాగే కనిపించింది. నా రెండు పిడికిళ్ళూ బిగుసుకున్నాయి. వాటిలో తాడు లేదు.

దోషం ఎక్కడుందో తెలిసిన తరువాత తెలియనట్టు ఉండడం నా వృత్తిధర్మానికి విరుద్ధం. ఆ ఎదురునడక నా నిర్ణయం, ఆ పిడికిలి నాది. పరిష్కారం కూడా వైద్యురాలు చెప్పే ఉంది: అదే దిశలో, పక్కపక్కన, తెలిసిన కుక్కతో. ఇక చిదంబరాన్ని అడగడం ఒక్కటే మిగిలింది. దానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మూడు రోజులు ఒక విజ్ఞప్తి రాయడానికి, ఒక రోజు దాన్ని కుదించడానికి.

గురువారం సాయంత్రం అతని ఇంటి గంట నొక్కాను. పద్మావతిగారు తలుపు తీసి నోరు తెరిచారు.

"ఓ... సూడున్రి ఎవలొచ్చిన్రో! విశ్వనాథం అన్నయ్య!"

"ఏ విశ్వనాథం?" లోపలి నుంచి చిదంబరం గొంతు. "నాచారంల మస్తుమంది విశ్వనాథాలున్నరు."

"మన అద్దాల విశ్వనాథం అన్నయ్య" అన్న వెంటనే ఆమె నాలుక కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో నన్ను ఏమని పిలుస్తారో ఆ విధంగా తెలిసింది.

చిదంబరం బనియనుతో, లుంగీతో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"కూసో."

"నిలబడే చెబుతాను" అని కాగితం అందించాను.

"గిదేంది? మెమోనా?"

"విజ్ఞప్తి."

అతడు కాగితాన్ని దూరంగా పట్టుకుని గట్టిగా చదివాడు. "విషయం: శునకముల సమాంతర నడక గురించి..." ఆపైన చదవలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను గోడకున్న క్యాలెండరును చూస్తూ నిలబడ్డాను. నవ్వు తగ్గాక మిగిలినది మౌనంగా చదివాడు. చదువుతూ పోయేకొద్దీ అతని ముఖం మారింది.

"ఆదివారం తీస్కపోతరా పోపుగాన్ని?"

"షరతు అలా ఉంది."

"మరి నాకు ముందే జెప్పాలె గదా! మూడు నెలల సంది రోజూ ఎదురొస్తున్నవ్, నోట్లకెల్లి ఒక్క మాట రాకపాయె." కాగితం మడత పెట్టాడు. పెట్టాక, పాత వెటకారం కళ్ళలోకి తిరిగి వచ్చింది. "సరే, వస్త. రేపటి సందే వస్త. గాని ఒక్క మాట జెప్పు. నీ నోటితోని. మరక దేని మీదుండె?"

మేజర్ లేచి వచ్చి నా అరచేతిలో మూతి పెట్టాడు. పోపు వాసన కాబోలు, దీర్ఘంగా పీల్చాడు. నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ, శారదకు కూడా, చెప్పని మాట అది. ఇవాళ చెప్పకపోతే ఆదివారం పదింటికి కారు వస్తుంది.

"నలభై ఒక్కటింటి మీద లేదు" అన్నాను.

"అంటే?"

"అంటే నలభై ఒక్కటింటి విషయంలో మరక నా కళ్ళద్దం మీద ఉన్నది. కాని ఒకదాని మీద నిజంగానే ఉంది. పదిహేడో నంబరు. ఎడమ పక్క, కింది భాగంలో. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది పోలేదు."

"మరి అప్పుడే ఎందుకు జెప్పలే?"

"చెబితే మిగిలిన నలభై ఒక్కటింటి గురించి అడుగుతారు."

చిదంబరం నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరిపి, గొంతు తగ్గించాడు.

"పదిహేడు... గది నా మోచెయ్యి. రంగు ఆరకముందే ఆనుకున్న. మీ దిక్కు పంపేటప్పుడు దేవునికి మొక్కుకున్న, విశ్వనాథం కంట్ల పడొద్దని. షర్టు గూడ ఖరాబైంది. పెండ్లినాటి షర్టు."

"ఏ షర్టు?" అన్నారు పద్మావతిగారు వంటింట్లోంచి.

"ఏం లేదే, చాయ్ తే!"

"అంటే తనిఖీ సరైనదే" అన్నాను.

"నలభై రెండిట్ల ఒక్కటి!"

"ఒక్కటైనా దోషం దోషమే."

"మళ్ళ షురూ జేసినవ్! కూసో ముందు."

కూర్చున్నాను. చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైంది. ఆ సంగతి చెప్పలేదు.

శుక్రవారం, శనివారం ఉప్పల్ భగాయత్‌లో నడిచాం. రోడ్డుకు ఆ అంచున చిదంబరం, మేజర్. ఈ అంచున నేను, పోపు. ఒకే దిశలో. మధ్యలో నలభై అంగలు ఉన్నందువల్ల మా సంభాషణ అరుపుల్లోనే జరిగింది.

"నట్టూ బోల్టూ తెలవకుండ తనిఖీ ఏంది, నాకు తెల్వక అడుగుత!"

"బోల్టు బిగించడం తెలియని ఉత్పత్తి విభాగానికి తనిఖీయే దిక్కు!"

దారిన పోయే వాళ్ళు మా ఇద్దరికీ దూరంగా, డివైడరు ఎక్కి నడిచారు. కుక్కలు రెండూ తలలు వంచుకుని బుద్ధిగా వచ్చాయి. తాడును గుంజాలన్న ఆలోచనే నాకు రాలేదు, జవాబులు వెతుక్కోవడంలో తీరిక లేక. శనివారం ముగిసేసరికి మా మధ్య ఎనిమిది అంగలే మిగిలాయి. పోపు మొదటిసారి తల తిప్పి మేజర్ వైపు చూసి, తోకను ఒక్కసారి, సందేహంగా, ఊపాడు.

ఆదివారం ఆరింటికి నీరజ నడక బూట్లు వేసుకుని వచ్చింది. చెరువు గేటు దగ్గర అందరూ ఉన్నారు. నేను కుడి చేతి వైపు తిరగడం చూసి సీతారామయ్య చేతులు జోడించి ఆకాశానికి నమస్కరించాడు.

"ఈ ఏడు ఉత్తరాయణం సంక్రాంతికి ముందే వచ్చిందండోయ్!"

ముందు చిదంబరం, మేజర్. వెనక ఆరు అంగల్లో నేను, పోపు. నా పక్కన నీరజ. సగం చుట్టు నిర్విఘ్నంగా సాగింది. అవతలి మలుపులో, నన్ను పడేసిన ఆ గోడ దగ్గరే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక కుర్రవాడు పెద్ద హస్కీని వెంటబెట్టుకుని సూటిగా ఎదురు వచ్చాడు. కుర్రవాడి దృష్టి ఫోను మీద. హస్కీ దృష్టి పోపు మీద.

"ఓ తమ్మీ, పక్కకు జరుగు!" చిదంబరం అరిచాడు. ఇయర్‌ఫోన్లకు వినబడలేదు.

ఒక పక్క గోడ. ఇంకో పక్క ఏటవాలు, దాని కింద గుర్రపుడెక్క, బురద. నా కుడి చేయి తాడును చుట్టుకోవడానికి తనంత తానే లేచింది. దాన్ని జేబులోకి పంపాను. తాడు ఎడమ చేతిలో వదులుగా వేలాడుతుండగా, నేను బాట దిగి బురదలోకి అడుగుపెట్టాను. పోపు నా వెంట దిగాడు. హస్కీ పైన బాట మీద, మా తలల ఎత్తున ఆగి చూసింది. పోపు గొంతులో ఏదో కదిలింది. గుర్రు. చిన్నదే. తరువాత వాడు తల పైకెత్తి నా ముఖంలోకి చూశాడు. అక్కడ వాడికి ఏమి కనిపించిందో తెలియదు. నేను మాత్రం ఊపిరి వదిలి, కొబ్బరి ముక్క అందించాను. నములుతుండగా హస్కీ వెళ్ళిపోయింది.

పైకి ఎక్కబోతే నా ఎడమ కాలు వచ్చింది, బూటు రాలేదు.

"నాన్నా, చేయివ్వండి!" నీరజ లాగింది. "చూశాను! దూకలేదు, మీరు పడలేదు!"

"ఒకసారి గుర్రుమన్నాడు" అన్నాను.

"నాకు వినిపించలేదే."

"నాకు వినిపించింది. నీ నిర్ణయానికి ముందు అది నీకు తెలియాలి."

"అరె, నీ తనిఖీ తగలెయ్య!" చిదంబరం నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్నొద్దులు తిప్పలువడి, ఆఖరికి నీ కుక్కను నువ్వే రిజెక్ట్ జేస్తవా?"

నీరజ నన్ను కాసేపు చూసింది. బురద సాక్సును, జేబులో ఇంకా బిగుసుకునే ఉన్న నా కుడి చేతిని, ఆ చేయి ఎక్కడుందో వాసన చూస్తున్న పోపును. తరువాత ఫోను తీసి, అటు తిరిగింది.

"ధీరజ్, లేచావా? ఇవాళ రాకు... లేదు లేదు, వాడు బాగానే ఉన్నాడు. ఒకసారి గుర్రుమన్నాడట... ఆఁ, ఎవరు చెప్పారంటే, మా నాన్నే చెప్పారు... అవును, అందుకే. ఆయన దగ్గరే ఉంటాడు."

నేను చెరువు వైపు చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఉదయపు మంచు పట్టింది. చిదంబరం చూశాడు. ఒక ఎండు కొమ్మ విరిచి బూటు కోసం బురదలో కెలికాడు. బూటు ఇంకా లోపలికి దిగిపోయింది.

"ఉత్పత్తి విభాగం!" అన్నాను.

"నోర్మూసుకో!" అన్నాడు.

పోపు మేజర్ పక్కకు పోయి వాసన చూశాడు. మేజర్ కూలబడి ఆవలించాడు. వెనక నుంచి ఎవరిదో పామరేనియన్ మమ్మల్ని దాటుకుని పోయింది. పోపు దాన్ని చూశాడు, నచ్చలేదని ముఖంలో స్పష్టంగా తెలిసింది, చూపు మరల్చుకున్నాడు. మేము నడక కొనసాగించాం, నేను ఒక బూటుతోనే.